ముదిమియు మేనివాసనయు

పెద్దమనుష్యులు నలుగురు గూడినచోట నోరెత్తి మాటాడరాని విషయములు కొన్ని కలవు. వానిలో మనుష్యుని మేనివాసన యొకటి. పసిబిడ్డ యొడలి కమ్మదనమును గూర్చి తల్లులు మురిసి చెప్పుకొందురు. పెండ్లికూతునకు పూయు గంధమును కవులు వేనోళ్ల వర్ణింతురు. కాని డెబ్బదియేండ్లు పైబడిన తల్లిదండ్రుల యొడలివాసనను గూర్చి నోరు విప్పువారు కానరారు. అట్లు మాటాడకుండుటయే మర్యాద యని మనము తలంచుచున్నాము. అది మర్యాదయో, మర్యాద యను ముసుగు వేసికొన్న యుపేక్షయో విచారించుటకై మే మీ వ్యాసము వ్రాయ బూనితిమి.

మేమెరిగిన యొక యింట ఎనుబది దాటిన తాతమ్మగారు కలరు. ఆ యింటి యజమానుడు ఆమె మనుమడు. అతడును, అతని భార్యయు చదువుకొన్నవారు, మంచివారు, ముసలియామెకు అన్నమునకును మందునకును లోటు రానీయనివారు. ఒకనాడు చుట్టములు వచ్చియుండగా వారి యారేండ్ల కుమారుడు తాతమ్మగారి మంచమునొద్దకు బోయి, ముక్కు మూసికొని, “తాతమ్మా, నీ దగ్గర వాసన వస్తోంది” అనెను. తల్లి బాలుని కసరి యీవలకు లాగికొని వచ్చినది. తండ్రి యగరువత్తి వెలిగించి గదిలో గ్రుచ్చినాడు. ఎవరును ఆమెతో నొక్కమాటయైన ననలేదు. నాటినుండి తాతమ్మగారు నలుగురిలోనికి వచ్చుట మానుకొనిరి. భోజనము గదికే తెప్పించుకొనసాగిరి. ఆమెకు విశ్రాంతి కావలసివచ్చినదని యింటివారు తలంచిరి. అగరువత్తి మాత్రము దినదినమును వెలుగుచునే యుండెను.

ఆ బాలుడు పలికినది నిజమే. అయితే ఆ నిజమునకు కారణమేమి? ముసలితనమునకే యొక దుర్వాసన కలదా? లేక ముసలివారికి మనము చేయక విడిచిన పనియొకటి యట్లు వాసనగా పరిణమించుచున్నదా? ఈ ప్రశ్నకు చరిత్రయే సమాధానము చెప్పవలెను. ఏలయన, మనపూర్వులు మేనివాసనను గూర్చి మనవలె మౌనము వహించినవారు కారు.

చరకసంహిత సూత్రస్థానమున ఐదవ యధ్యాయము నెత్తి చూడుడు. ఆహారమాత్రను గూర్చి చెప్పిన పిమ్మట, చరకుడు మనుష్యుడు నిత్యము చేసికొనదగిన శరీరసేవను వరుసగా వివరించినాడు. పండ్లు తోముకొనుట, నాలుక గీచుకొనుట, పుక్కిలించుట, తలకు నూనె రాచుకొనుట, ఒడలికి నూనె పట్టించుట, స్నానము, శుభ్రవస్త్రధారణము, సుగంధమాల్యధారణము, కాళ్లను మలమార్గములను మాటిమాటికి కడుగుకొనుట—ఇవి యన్నియు నందు గలవు. స్నానము చెమటను, మురికిని, అలసటను పోగొట్టు నని యతడు చెప్పినాడు. అభ్యంగమును గూర్చి చెప్పునపుడు బండియిరుసును ఉదాహరించినాడు. కందెన వేసిన యిరుసు అరుగక యెట్లు చిరకాలము నిలుచునో, నిత్యము నూనె పట్టించిన శరీర మట్లే దృఢమై నిలుచునట. ముదిమిచిహ్నములు దానియందు తక్కువగ గానవచ్చునట. వాగ్భటుడును అష్టాంగహృదయమున నీమాటయే చెప్పి, తలకును, చెవులకును, పాదములకును ప్రత్యేకముగా నూనె పట్టింపు డనినాడు. కాబట్టి శరీరసేవ పడుచువారికి మాత్రమే యని మనవైద్యు లేనాడును తలంపలేదు. ముదిమి మీదికి వచ్చుచుండగా దానిని మరింత యెక్కువగా చేయవలె ననియే వారి యభిప్రాయము.

వాత్స్యాయనుడు వర్ణించిన నాగరకుని దినచర్య యింకను ఆశ్చర్యకరమైనది. నాగరకుడు ప్రతిదినమును స్నానము చేయవలెను. రెండవనాట నొకమారు ఒడలు మర్దనము చేయించుకొనవలెను. మూడవనాట నొకమారు నురుగునిచ్చు ఫేనకమును వాడవలెను. మూసియుండు చంకలలో పట్టు చెమటను ఎప్పటికప్పుడు తొలగించుకొనుచుండవలెను. చంకచెమటను గూర్చిన శ్రద్ధ పాశ్చాత్యుల సబ్బులతో మనదేశమునకు వచ్చినదని యెంచువారు ఈ యొక్క వాక్యమును చదివిన చాలును.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుడు తన బృహత్సంహితలో గంధయుక్తి యని యొక యధ్యాయమునే వ్రాసినాడు. పదునారు ద్రవ్యములలో నాల్గేసి చొప్పున నేర్చి కూర్చినచో 1,820 విధములగు ననియు, వాని పాళ్లను మార్చుకొలదిని పరిమళములు వేలసంఖ్యలో పుట్టుననియు అతడు గణితముతో సహా నిరూపించినాడు. అంతటి సుగంధశాస్త్రమును అతడు దేనితో నారంభించెనో పాఠకు లూహింపగలరా? నెరసిన వెండ్రుకలతో! తల నెరసినవానికి పూలదండయు, గంధమును, మంచిబట్టయు శోభింపవు గనుక ముందుగా జుట్టునకు రంగు వేయు విధానమును దెలిసికొను డని చెప్పి, ఇనుపపాత్రలో దానిని సిద్ధపరచు పద్ధతిని వివరించినాడు. ఈ మాటలో రెండు విశేషములు గలవు. ముదిసినవాడుకూడ పరిమళమును కోరునని యతడు గ్రహించెను. కాని ముదిమిని దాచినగాని పరిమళమున కర్హత లేదనియు నమ్మెను. ఈ రెండవ తలంపు మనలను నేటికిని విడువలేదు.

పండ్రెండవ శతాబ్దిలో తెలంగాణమునందు చాలభాగమును సామంతులద్వారా నేలిన కల్యాణ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాస మను మహాగ్రంథమున, రాజు అనుభవింపదగిన భోగములలో స్నానమునొకదానినిగా జేర్చి విపులముగా వర్ణించినాడు. అందు నూనెపట్టువా రున్నారు, నలుగుపెట్టువా రున్నారు, నీళ్లుపోయువా రున్నారు. ఈ గ్రంథములన్నిటిని కలిపి చదివినపుడు మాకు తోచిన దేమనగా: మన ప్రాచీనులకు మేనివాసన సిగ్గుపడదగిన దోషము కాదు, అది చేతులతో చేయవలసిన యొక పని. కాని యా చేతు లెవరివి? రాజునకు పరిచారకు లుండిరి. నాగరకునకు సేవకు లుండిరి. ధనమును, పదవియు, పనివారును లేని ముసలివానికి ఎవరి చేతు లుండెను?

తెలుగువారి యిండ్లలో ఆ చేతులు కుటుంబమువే. శుక్రవారము ఆడువారికిని, శనివారము మగవారికిని తలంట్లు. పండుగనాడు తెల్లవారుజామున అభ్యంగనము. పెసరపిండి, పసుపు, కచ్చూరములు కలిపిన నలుగు. తలకు కుంకుడురసమో, సీకాయయో. పిమ్మట సాంబ్రాణిధూపము—వీని నెరుగని తెలుగుబిడ్డ యుండడు. ఈ తలంటులో మనము సాధారణముగా గమనింపని సంగతి యొకటి కలదు. దానిని ఎవరికి వారు చేసికొనుట యరుదు. తల్లి బిడ్డకు, అక్క తమ్మునకు, అత్త కోడలికి, ముత్తైదువ ముత్తైదువకు వీపు రుద్దుదురు. వీపునకు తన చేయి తానందదు గదా! అందుచేత తలంటు శుభ్రతయే గాక బాంధవ్యమునుగూడ చూపునట్టిది. నీ యొడలు నాకు రోత గాదని నోటితో చెప్పకుండ చేతితో చెప్పుటయే దాని యర్థము.

అట్టి బాంధవ్యము వయసు మీరినకొలది యెందులకు కృశించెను? మగవారి విషయమున కొంతవరకు భార్యయో, కోడలో, సేవకుడో నీళ్లు తోడియిచ్చుచుండెను. స్త్రీల విషయమున మన చరిత్ర ఘోరముగా నున్నది. పదేండ్ల బాలికను ముప్పది నలుబదియేండ్ల వరునకు గట్టిపెట్టిన కాలమున, ముసలితనము వరకు బ్రదికిన స్త్రీలలో పెక్కుమంది వితంతువులే యైరి. అట్టివారికి ధర్మశాస్త్రకారులు విధించిన నియమము లెట్టివి? తాంబూలమును, అభ్యంగమును సన్న్యాసికిని, బ్రహ్మచారికిని, విధవకును నిషేధించిరి. స్కాందపురాణములోని కాశీఖండమున విధవ యొడలికి నలుగు పెట్టుకొనరాదనియు, సుగంధద్రవ్యమును తాకరాదనియు, తల గొరిగించుకొనవలెననియు సంస్కృతమూలమున చెప్పబడియున్నది. శ్రీనాథుడు తెనుగున రచించుటచే మనవారికి మిక్కిలి పరిచితమైన పురాణ మదియే. ఎవరికి చేతి సాయము మిక్కిలి యవసరమో, వారి యొడలినే యెవరును తాకరాని యొడలినిగా జేసిరి. పసుపును, నూనెను, నలుగును తీసివేసి, ఒక్క ముతకబట్టను మిగిల్చి, తరువాత ఆమె మూలగదిలో వాసన వచ్చుచున్నదని యింటివారు ముక్కు మూసికొనిరి.

ఇందులకు మడి యడ్డము వచ్చునని యెవరైన ననవచ్చును. ఆమె రోజునకు మూడుమారులు స్నానము చేయలేదా? తడిబట్టతో వంట చేయలేదా? చేసెను. కాని మడి వేరు, శుభ్రత వేరు. మడి యితరుల స్పర్శను తప్పించుకొనుట. శుభ్రత శరీరముమీది మలినమును తొలగించుట. చలికాలమున నూతియొద్ద రెండు చెంబుల చన్నీళ్లు గుమ్మరించుకొని, తడిబట్టతోనే నిలిచిన ముసలియామెకు మడి దక్కెను. ఒడలిముడుతలలో తేమ నిలిచి, చర్మము చెడి, దురదయు వాసనయు మిగిలెను. కందుకూరి వీరేశలింగముపంతులుగారు 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించినపుడు, లోకులు దానిని పెండ్లి విషయముగానే చూచిరి. మాకు మాత్రము అందు మరియొక యర్థమును గోచరించుచున్నది. స్త్రీశరీరము భర్తతోపాటు చావలేదనియు, దానికి నూనెయు, నీరును, పువ్వును మరల దక్కవలెననియు ఆ మహనీయుడు చాటినట్లయ్యెను. ఆ సంస్కారము పడుచువితంతువుల పెండ్లివరకు వచ్చి యాగెను. ముసలివితంతువుల స్నానమువరకు రాలేదు.

ఇక పాశ్చాత్యదేశముల చరిత్రను చూతము. మన యిండ్లలోనికి నేడు వచ్చి చేరిన సబ్బులును, వానితోపాటు వచ్చిన సిగ్గును అక్కడినుండియే దిగుమతి యైనవి గనుక ఆ వృత్తాంతము మనకు సంబంధించినదే. 1833లో పుర్కిన్యె యను శాస్త్రజ్ఞుడు చర్మములోని స్వేదగ్రంథులను వర్ణించెను. 1922లో షీఫెర్‌డెకర్ అను జర్మనుపండితుడు ఆ గ్రంథులు రెండువిధము లని వివరించెను. ఒడలంతయు వ్యాపించి నీటివంటి చెమటనిచ్చి శరీరమును చల్లబరచునవి యొకవిధము. చంకలు మున్నగు చోట్ల నుండి, యౌవనము వచ్చినపుడు పనిచేయనారంభించి, చిక్కని స్రావమునిచ్చునవి రెండవ విధము. చెమటకు తనంతట వాసన లేదు. చర్మముమీద నివసించు సూక్ష్మజీవులు ఆ స్రావమును తిని, విడగొట్టి, వాసనగల యామ్లములను పుట్టించును. యౌవనమున ప్రబలమైన యీ రెండవజాతి గ్రంథులు ముదిమియందు తగ్గుముఖము పట్టును. అనగా ప్రకృతి న్యాయముచే చూచినయెడల చంకవాసన ముసలివారికంటె పడుచువారికే యెక్కువ.

కాని యీ శాస్త్రము పరిపక్వము గాకమునుపే వర్తకులు రంగమున దిగిరి. 1888లో ఫిలడెల్ఫియానగరమున ‘మమ్’ అను లేపనము పుట్టెను. సిన్సినాటినగరమున ఒక వైద్యుడు శస్త్రచికిత్సవేళ తన చేతులకు చెమట పట్టకుండుటకై కల్పించుకొన్న ద్రవమును, ఆయన కుమార్తె ఎడ్నా మర్ఫీ యను బాలిక ‘ఓడొరోనో’ యను పేర చంకలకై యమ్మజూపెను. 1919లో జేమ్స్ యంగ్ అను ప్రకటనకర్త ఆ సరకునకై యొక స్త్రీలపత్రికలో వ్రాసిన ప్రకటన యొక్క సారాంశ మిది: నీవాసన నీకు తెలియదు, నీ నెచ్చెలులు నీతో చెప్పరు, కాని వెనుక చెప్పుకొందురు. దానిని చూచి కోపించి యించుమించుగ రెండువందల మంది పాఠకురాండ్రు పత్రికను మానుకొనిరి. అయినను మరుసటి సంవత్సరమున అమ్మకములు నూటికి 112 వంతులు పెరిగి 4,17,000 డాలర్లకు చేరినవి. అవమానింపబడినవారే కొనుగోలుదారు లైరి. తరువాత సబ్బులవారును ఈ మార్గమునే పట్టిరి. శుభ్రత సంతోషము కొరకు గాక భయము కొరకు అను నూతనధర్మ మట్లు లోకమున ప్రబలెను.

మనదేశమున 1916లో మైసూరు సంస్థానమువారు బెంగుళూరున సబ్బుల కర్మాగారమును స్థాపించి చందనపుసబ్బును తయారుచేయ మొదలిడుట స్వదేశపరిశ్రమకు గర్వకారణమే. మేము సబ్బును నిందించుట లేదు. సబ్బు బీదవానికిని అందిన మహోపకారి. మేము నిందించునది సిగ్గుతో చేయు వ్యాపారమును. ఆ వ్యాపారము ముసలివారిని చిరకాలము పలుకరింపనేలేదు. వారికి పెండ్లి కావలసినది లేదు, కొలువు దొరకవలసినది లేదు. వారిని భయపెట్టి లాభమేమి?

ఆ కాలమును గడచినది. ముసలివారి సంఖ్య వేగముగా పెరిగిన జపానులో, షిసైడో యను సౌందర్యద్రవ్యముల సంఘమువారు 1999లో ‘కరేయిషూ’ యను నూతనపదమును ప్రచారమునకు దెచ్చిరి. వయసు పైబడుటచే వచ్చు వాసన యని దాని భావము. ఆ సంఘపు శాస్త్రజ్ఞులు 26 మొదలు 75 ఏండ్లవరకు గలవారి యొడలివాసనలను పరీక్షించి, నలుబదియేండ్లు దాటినవారిలో మాత్రమే నోనెనాల్ అను పదార్థము కానవచ్చుచున్నదని 2001లో ప్రకటించిరి. చర్మముమీది కొన్ని క్రొవ్వులు వయసుతో పెరిగి, ప్రాణవాయువుతో కలిసి మార్పు చెందుటచే నది పుట్టునట. నిలువయున్న నూనెయు, నెండుగడ్డియు గుర్తునకు తెచ్చు వాసన యది. వెంటనే దానిని పోగొట్టు సబ్బులును, అత్తరులును అంగళ్లలోనికి వచ్చినవి. ముసలివారికికూడ సిగ్గుపడు భాగ్యము పట్టెను!

అయితే 2012లో ఫిలడెల్ఫియాలోని మొనెల్ సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు చేసిన మరియొక పరీక్ష యీ కథను తలక్రిందులు చేసినది. వారు మూడు తెగల మనుష్యులను ఎన్నుకొనిరి: 20 మొదలు 30 ఏండ్లవారు, 45 మొదలు 55 ఏండ్లవారు, 75 మొదలు 95 ఏండ్లవారు. వారిచే చంకలయొద్ద దూదిబిళ్లలు కుట్టిన యంగీలను ఐదురాత్రులు తొడిగించి, ఆ దూదిని వయసు చెప్పకుండ పడుచువారిచే వాసన చూపించిరి. వాసన చూచినవారు ముసలివారి వాసనను తక్కినవానినుండి వేరుగా గుర్తింపగలిగిరి. కాని అది మిగిలిన రెంటికంటె తక్కువ ఘాటైనదనియు, తక్కువ యసహ్యమైనదనియు చెప్పిరి. పడుచువారి వాసనకంటెను నడివయసువారి వాసనకంటెను, తొంబదియేండ్లవాని వాసనయే మృదువైనదని తేలెను. కావున ముదిమికి తనదైన వాసన కలదుగాని, అది దుర్వాసన కాదు. చూచుచున్నది ముసలివాడని తెలిసినపుడే మన ముక్కు ముడుచుకొనుచున్నది.

అట్లయిన తాతమ్మగారి గదిలోని వాసన యెక్కడిది? ఇప్పుడు మన విచారణ గట్టి నేలమీదికి వచ్చినది. అది ముసలితనపు వాసన గాదు, అశక్తత వాసన. మోకాళ్లనొప్పిచే వంగి కాళ్లు కడుగుకొనలేరు. భుజములు పట్టివేయుటచే వీపునకు చేయి యందదు. తడినేలపై జారిపడుదుమను భయముచే స్నానమును వాయిదా వేయుదురు. చలికి తాళలేరు. చన్నులక్రింద, తొడలసందున, కాలివ్రేళ్లనడుమ తేమ నిలిచి పుండగును. కట్టుడుపండ్లు రాత్రిపూట తీసి కడుగనిచో నోరు వాసన వేయును. మూత్రము తెలియకుండ బొట్టుబొట్టుగా జారుట స్త్రీలకును పురుషులకును వయసుతో వచ్చు బాధ. దానిని చెప్పుకొనలేక, నీళ్లు త్రాగుట తగ్గింతురు. తగ్గించినకొలది మూత్రము చిక్కనై వాసన హెచ్చును. వీనిలో నొక్కటియు దైవలిఖితము గాదు. ప్రతిదానికిని ఉపాయము గలదు.

మరియొక సంగతి యందరును దెలిసికొనదగినది. 2002లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రమున 2,491 మందిని పరీక్షింపగా, ఎనుబదియేండ్లు దాటినవారిలో నూటికి 62.5 మందికి ఘ్రాణశక్తి తగ్గియున్నట్లు తేలెను. కాని మొత్తము పరీక్షింపబడినవారిలో, మాకు వాసన తెలియుట లేదని తామై చెప్పినవారు నూటికి పదిమందికంటెను తక్కువ. కన్ను మసకలైనవానికి ఆ సంగతి తెలియును. ముక్కు మందగించినవానికి తెలియదు. ముసలివా రశుభ్రముగా నుండుటకు సోమరితనమే కారణమని మనము తలంచునపుడు, వారికి ఆ వాసన యసలే యందుట లేదని మరచుచున్నాము. గ్రుడ్డివాడు చొక్కామీది మరకను తుడువలేదని నిందించుట యెట్టిదో, యిదియు నట్టిదే.

వాసనను అగరువత్తితో కప్పుటలో నింకొక ప్రమాదము గలదు. ఒడలివాసన మారుట యొక్కొక్కప్పుడు రోగమునకు తొలిచిహ్నము. చరకుడు ఇంద్రియస్థానమున పుష్పితకమను నధ్యాయమును వ్రాసి, కారణములేక యొడలినుండి పువ్వులవాసన వెలువడుటయు, దుర్గంధము వెలువడుటయు మృత్యుసూచకములని హెచ్చరించినాడు. ఆ జోస్యమును నేటివైద్యు లంగీకరింపరు గాని, వాసనను లక్షణముగా చదువవలెనను బుద్ధి గొప్పది. మధుమేహము ముదిరినపుడు ఊపిరియందు మాగినపండ్ల వాసనయు, మూత్రపిండములు చెడినపుడు అమ్మోనియావాసనయు పుట్టునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. మూత్రము హఠాత్తుగా ఘాటైనచో, దానికి తోడు జ్వరమో మంటయో తికమకయో యున్నచో, అది యంటువ్యాధి కావచ్చును. అట్టిచోట అగరువత్తి వెలిగించుట రోగమునకు తెరకట్టుట యగును. పిలువవలసినది వైద్యుని.

ఇక కర్తవ్యము. వృద్ధులకు దినమును తలస్నానమే యక్కరలేదు. ముఖము, చంకలు, గజ్జలు, పాదములు నిత్యము గోరువెచ్చని నీట కడిగి, ముడుతలను మెత్తనిబట్టతో అద్ది యారబెట్టినచో చాలును. ఘాటైన సబ్బులు ఎండిన చర్మమును పగులగొట్టును. మెత్తని సబ్బు కొంచెము చాలును. స్నానపుగదిలో నొక గట్టి పీటయు, గోడకు పట్టుకొనుటకు కమ్మియు, కాలు జారని చాపయు నుంచవలెను. నేలమీద నూనె చిందనీయరాదు. పక్కబట్టలును, లోపలిబట్టలును వెంటవెంటనే మార్చి యెండలో నారవేయవలెను. మూత్రము జారుబాధను వైద్యునితో చెప్పుటకు సిగ్గుపడరాదు, నీరు మాన్పింపరాదు.

మతిమరపురోగముచే బాధపడు వృద్ధులు స్నాన మనగానే అరచి, కొట్టి, పెనుగులాడుట పెక్కిండ్లలో నుండు కష్టమే. 2004లో అమెరికాలోని వృద్ధశరణాలయములలో నొక పరీక్ష జరిగినది. రోగి యిష్టానిష్టముల ననుసరించి మెల్లగా స్నానము చేయించినను, లేక మంచముమీదనే వెచ్చని తడితువాళ్లతో నొడలంత కప్పి, వానిమీదుగానే రుద్ది శుభ్రపరచినను, ఆ పెనుగులాట సగమునకు పైగా తగ్గెను. అనగా వారు నీటిని చూచి బెదరుట లేదు. తమ మానమును కప్పుకొనజాలని స్థితిని చూచి బెదరుచున్నారు. మాన ముంచి స్నానము చేయించినచో వారే సహకరింతురు. మనయిండ్లలో ఆడువారికి ఆడువారును, మగవారికి మగవారును నీళ్లుపోయు నాచారము ఈ మర్మమును ఎన్నడో యెరిగియున్నది. కాని ఆ భారమంతయు కోడండ్రమీదనే త్రోసి, కొడుకులు పత్రిక చదువుకొనుచు కూర్చుండుట న్యాయము గాదు. తండ్రి వీపు రుద్దుటకు కొడుకు చేతులు చాలవా?

2011వ సంవత్సరపు జనాభాలెక్కలలో మనదేశమున అరువదియేండ్లు నిండినవారు 10 కోట్ల 38 లక్షల మంది యుండిరి. 2007లో తల్లిదండ్రుల పోషణకై మనదేశమున నొక చట్టము చేయబడినది. పోషణ మనగా అన్నము, వస్త్రము, నివాసము, వైద్యము మొదలగున వని యందు చెప్పబడెను. ఏ చట్టమును గూడ, తలంటిపోయు మని వ్రాయజాలదు. శాసనము చేరజాలని యా చోట గృహస్థుని మనస్సాక్షియే శాసనము కావలెను.

తండ్రికి అరువదియేండ్లు నిండినపుడు మనము షష్టిపూర్తి చేయుదుము. వేదమంత్రములతో కలశోదకములను దంపతుల తలలమీద పోయుదుము. బంధువులు చూచి కన్నులు చెమర్చుకొందురు. ఆ నాటికి ఆ దంపతులు తమ నీళ్లు తాము పోసికొన గలిగినవారే. వారికి నిజముగా మన చేతినీళ్లు కావలసిన దినము మరి యిరువదియేండ్లకు, మంత్రములును చుట్టములును లేని యొక సామాన్యమైన ప్రొద్దున వచ్చును. ఆ దినమున మన చేతిలో చెంబుండునా, అగరువత్తి యుండునా యనునదే ప్రశ్న. మేమెరిగిన యా తాతమ్మగారికి, కొన్నినెలల పిమ్మట, మనుమని భార్య ధైర్యము చేసి, “ఈరోజు నేను తలంటుతాను, తాతమ్మగారూ” అని యడిగినదట. ముసలియామె మొదట వలదనెను. పిమ్మట కుంకుడుకాయలు నానవేయు మని తానే చెప్పెను. ఆ సాయంకాలము ఆమె నలుగురిలోనికి వచ్చి కూర్చుండెను. బాలుడు పోయి ఆమె యొడిలో కూర్చుండెను.